ఒక్క లైను, ఇద్దరం

మా ఫ్యాక్టరీ ఫోనక్క పోయిందని పోయిన నెల ఒక పొద్దున దాచేపల్లి నుంచి ఫోను వచ్చింది. చేసింది మా పాత అటెండరు కూతురు. “నిద్రలోనే పోయిందంట ఆంటీ. పక్కింటోళ్ళు తలుపు కొడితే తెలిసింది.” అయ్యో అన్నాను. ఆ వెంటనే మనసులో మెదిలిన మాట మీ దగ్గర దాచను: ఇంత తేలికైన చావు కూడా ఆమెకే దక్కిందా అనుకున్నాను. ఆమె మీద నా కుళ్ళు అంత పాతది.

ఎనభైల చివర, గుంటూరులో కంప్యూటరు కోర్సు చేసి దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. ఆ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న మొదటి మనిషిని నేనే. అందరూ నా చుట్టూ మూగుతారనుకున్నాను. రెండు రోజులు మూగారు కూడా. మూడో రోజు నుంచి మళ్ళీ అందరూ అక్క బల్ల దగ్గరే. ఆమె చదివింది పదో తరగతి. టెలిఫోను ఆపరేటరు.

కొత్తగా డిజిటల్ ఎక్స్ఛేంజి వచ్చినా ఫ్యాక్టరీకి ఉన్నది ఒకటే లైను. మనుషుల మాటలూ దాని మీదే, మోడెమ్‌తో నేను హైదరాబాదు ఆఫీసుకు పంపే లారీల వివరాలూ దాని మీదే. అక్క బల్ల మీద చిన్న పెట్టె, దానికొక స్విచ్చి. అటు తిప్పితే ఫోను, ఇటు తిప్పితే మోడెమ్. ఇటు ఉన్నంతసేపూ ఎవరు చేసినా ఫోను మోగదు. మోడెమే అందుకుని అవతలి మనిషి చెవిలో కూత పెడుతుంది.

అక్క పొద్దున వచ్చీ రాగానే ఎడమ చెవి కమ్మ తీసి గుండుసూదుల డబ్బాలో వేసేది. రిసీవరు చెవికి గట్టిగా ఆనాలంటే కమ్మ అడ్డమట. ఫోను ఎత్తి, అవతల ఆగి ఆగి కూత వినపడితే హైదరాబాదు మోడెమ్ అని పోల్చుకుని నన్ను పిలిచేది. “ఏమే, నీ పిల్ల ఏడుస్తంది, ఎత్తుకో!” ఆఫీసంతా నవ్వేది. నాకు ఒళ్ళు మండేది.

లైను మాత్రం ఊరికే ఇచ్చేది కాదు. గుమ్మంలోకెళ్ళి, “ఎవురికన్నా ఫోను రావాల్సుందా? ఇరవై నిమిషాలు మిషనుకిస్తన్నా” అని కేకేసేది. ఎవరి కూతురికి నెలలు నిండాయో, ఎవరి బావమరిది నడికుడిలో రైలు దిగాలో అన్నీ ఆమెకు తెలుసు. నేను తొందరపెడితే, “మిషను ఆగుద్దే. మనిషే ఆగలేడు” అనేది.

లారీల వివరాలు పంపడం ఆలస్యమవుతోంది, స్విచ్చి నా బల్ల మీద ఉండాలని మేనేజరు దగ్గర పోరాను. నిజానికి ఆలస్యమేమీ లేదు. నాకా స్విచ్చి కావాలి, అంతే. ఆయన సరేనన్నాడు. అక్క తనే పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, “అయిపోంగానే అటు తిప్పు, మర్చిపోమాక” అంది.

వారం తిరక్కుండానే హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వచ్చాడు. కంప్యూటరు చూస్తాడని నేను కొత్త చీర కట్టుకున్నాను. ఆయన అక్క బల్ల ముందే ఆగిపోయాడు. “ఒక్క హలోతో నా గొంతు గుర్తుపట్టేది మీరేనా అమ్మా?” అంటూ అక్కడే కూర్చుని టీ తాగాడు. నా దగ్గర నిలబడింది రెండు నిమిషాలు. ఆ మధ్యాహ్నం నా పని మూడున్నరకే అయిపోయింది. స్విచ్చి తిప్పలేదు. ఫోనే మోగకపోతే ఈమె గొప్పేమిటో చూద్దామనుకున్నాను. “అయిందా?” అని అక్క రెండుసార్లు అడిగితే, “ఇంకా లేదు” అన్నాను. బయటి నుంచి ఫోను వస్తే వెలిగే ఎర్రలైటు మోడెమ్ మీద మూడుసార్లు వెలిగింది. హైదరాబాదు పని అయిపోయింది కాబట్టి అది అక్కణ్ణుంచి కాదని నాకు తెలుసు. చూస్తూ కూర్చున్నాను.

ఆ మూడూ గుంటూరు ఆసుపత్రి నుంచి. మా క్వారీలో రాయి ఎత్తే ఒకతని తల్లికి ప్రాణం మీదికొచ్చిందని అతని తమ్ముడు చేసినవి. కబురు అందితే అతనికి నడికుడిలో సాయంత్రం రైలు అందేది. మర్నాడు కబురు తెలిసి వెళ్ళేసరికి తల్లి లేదు. తెల్లవారుజాము దాకా పెద్దోడేడని అడుగుతూనే ఉందట.

కర్మలయ్యాక అతను ఆఫీసుకొచ్చాడు. నేరుగా అక్క దగ్గరకెళ్ళి, “మా తమ్ముడు మూడుసార్లు చేశాడంటక్కా. ఏదో కూత తప్ప ఎవురూ పలకలేదంట. ఏంది సంగతి?” అన్నాడు. అక్క నా వైపు చూడనైనా చూడకుండా, “నాదే తప్పు తమ్ముడూ. మిషనుకిచ్చి మర్చిపోయా” అంది. అతను అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె లేచి నిలబడి అన్నీ విన్నది. చివరికి అతనే కూలబడి ఏడ్చాడు. అక్క మంచినీళ్ళిచ్చింది.

అలా ఎందుకు చెప్పావని తర్వాత అడిగాను. “నన్నయితే నాలుగు తిట్టి ఊరుకుంటాడు. నీతో ఆయనకి మాటే లేదు, ఏమని తిడతాడు? కడుపులో పెట్టుకు తిరుగుతాడు” అంది. స్విచ్చి పెట్టె తీసుకెళ్ళి మళ్ళీ తన బల్ల మీద పెట్టుకుంది. ఆ సంగతి మేనేజరుతో కూడా చెప్పలేదు. నా ఉద్యోగం నిలిచింది ఆమె వల్లే.

ఆ తర్వాత ఏటా ఎండాకాలం అతను అక్కకు ఎండుమిరపకాయలు తెచ్చిచ్చేవాడు. నమ్ముతారో లేదో, ఆ సంచి చూసినా నాకు కుళ్ళే. తప్పు నాది. తిట్లూ నావే, ఆ మిరపకాయలూ నావే. అవి కూడా ఆమే పట్టుకుపోయింది.

అక్క పెద్దకర్మకు వెళ్ళాను. షామియానా కింద అతను కనిపించాడు, బాగా ముసలివాడయ్యాడు. పక్కవాళ్ళతో అంటున్నాడు: “సర్వీసంతా ఎవురి ఫోనూ పోగొట్టలా ఆయమ్మ. పోగొట్టింది ఒక్కటే, మా అమ్మది.” అందరూ తలలూపారు. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. దగ్గరకెళ్ళి, “ఆ స్విచ్చి తిప్పనిది అక్క కాదు, నేను” అన్నాను.

అతను కళ్ళు చికిలించి చూశాడు. “నువ్వెవరమ్మా?”

చెప్పాను. ఆ ఆఫీసులోనే కంప్యూటరు ముందు కూర్చునేదాన్నని చెప్పాను. మూడుసార్లూ లైటు వెలగడం చూశానని కూడా చెప్పాను. అప్పుడు అతను మొదలుపెట్టాడు. “చూస్తా కూచున్నావా? చూస్తా...” గొంతు పీలగా ఉంది, వడ్డనల గోలలో సగం వినపడటం లేదు. ఇంకా దగ్గరకు జరిగాను. ఎడమ చెవి కమ్మ తీసి గుప్పిట్లో పెట్టుకుని, చెవి అతని నోటి దగ్గరకు వంచాను.