మునిరత్నం సారు పేర్లు పిలిస్తే

పుంగనూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పే మునిరత్నం సారు సైన్యంలో మాజీ హవల్దారు. నడక ఇప్పటికీ కవాతే. ఫోన్లో ఫోటో తీస్తే హాజరు పడిపోయే ఈ రోజుల్లో కూడా ఆయన ఒక్కో పేరూ నోరారా పిలిచి, పలికిన ముఖాన్ని చూశాకే తర్వాతి పేరుకు పోతాడు. "మధ్యాహ్నం అన్నంలో గుడ్డు ఫోటో, బాత్రూము ఫోటో, అన్నీ యాప్‌లో పెట్టాలంట! నేను పాఠం చెప్పేదానికి వచ్చినానా, ఫోటోలు తీసేదానికా?" అని స్టాఫ్ రూములో ఆయన విసుక్కుంటాడు. పేర్లకే పీరియడ్ సగం పోతోందని హెడ్మాస్టరు ఆయన మీద విసుక్కుంటాడు.

టీవీల నిండా యుద్ధమే ఉన్న వారంలో ఎనిమిదో తరగతి గోవర్ధన్ స్కేలును తుపాకీలా పట్టుకుని, "యుద్ధమంటే ఎట్లుంటాది సార్? సూపర్‌గా ఉంటాదా?" అని అడిగాడు. సారు కోప్పడలేదు. "ఆడ పొద్దున్నే పేర్లు పిలుస్తా ఉంటిమప్పా. ఒక్కోసారి ఒక పేరు పలకదు. పిలిచేటోడు రవంతసేపు ఆగి, తర్వాత పేరు పిలుస్తాడు. యుద్ధమంటే అంతే" అన్నాడు. గోవర్ధన్ స్కేలు బల్ల మీద పెట్టేశాడు.

మర్నాడు ఆ తరగతిలో రెడ్డిశేఖర్ పేరు పలకలేదు. రోజూ అయితే "టమాటా కోతకు పోయుంటాడు సార్" అని నవ్వేవాళ్ళు. ఆ రోజు అందరి తలలూ వాకిలి వైపు తిరిగాయి. అంతలో రెడ్డిశేఖర్ రొప్పుతూ వాకిట్లోకి వచ్చి, "బస్సు తప్పిపోయింది సార్" అన్నాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను బయటే నిలబెట్టే సారు, వాడి పేరు మళ్ళీ పిలిచాడు.

"ప్రెజెంట్ సార్" అని తరగతి మొత్తం పలికింది.