ఇంకో కొల్మాన్

మా ఫేలాన్‌కు ఉన్నది ఒక్కటే పిచ్చి, పునీతుల పండుగలు. తెల్లవారేసరికి ఎవరో ఒక పునీతుణ్ణి పట్టుకొస్తే గాని అతనికి తోచదు. మా దీవిలోని క్రైస్తవ సన్యాసుల మఠంలో గంట కొట్టే పని కూడా అతనిదే, ఇక చెప్పేదేముంది! మంచు తెరలోంచి పండుగ గంట తేలివస్తుంటే ఒడ్డున పడుకున్న సీల్ జంతువులు కూడా తలలెత్తి, ఇవాళ ఎవరిదా అని ఆలోచిస్తున్నట్టే ఉండేవి.

"ఇవాళ ఎవరయ్యా?"

"పునీత కొల్మాన్."

"నిన్నా కొల్మానేగా!"

"నిన్నటాయన కొంగతో కబుర్లాడిన కొల్మాన్. ఈయన చన్నీళ్లలో నిలబడి కీర్తనలు పాడిన కొల్మాన్. మన ఐర్లాండులో కొల్మాన్‌లకు కరువా అన్నా?"

ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాల తపస్సుకాలం వచ్చింది. రోజూ రొట్టె, నీళ్లు. పండుగ పడితే మాత్రం పాలు. ఇంకేం, కొల్మాన్‌లు పడవల మీద పడవలు దిగినట్టు వచ్చేశారు. "పాలకోసం పునీతుల్ని పుట్టిస్తున్నాడర్రా!" అని నవ్వుకుంటూనే మా గిన్నెలు మేం నింపుకున్నాం. జ్వరంనుంచి లేచిన ముసలి ఎన్నాగారు మాత్రం, ఎముకల గూడై కూడా, పండుగ కాని రోజు చుక్క పాలు ముట్టేవారు కాదు.

మఠాధిపతి లోమాన్‌గారికి ఒళ్లు మండింది. "రేపు గంట మోగిందో, నిన్ను పడవెక్కించేస్తాను. మళ్లీ ఈ దీవి మొహం చూడవు!"

ఫేలాన్ పుట్టి పెరిగింది ఆ దీవిలోనే. పాపం, మొహం పాలిపోయింది.

మర్నాడు గంట మోగింది.

లోమాన్‌గారు భోజనశాలలోకి దూసుకొచ్చి ఫేలాన్ గిన్నెలోకి చూశారు. నీళ్లు! అతని వంతు పాలు కూడా ఎన్నాగారి గిన్నెలోనే ఉన్నాయి.

ఎన్నాగారు తలెత్తారు. లోమాన్‌గారికి అక్షరాలు దిద్దించింది ఆయనే.

"లోమానూ, నిజంగా పండుగేనా? కాకపోతే ఇది తీసేయించు నాయనా."

లోమాన్‌గారు ఎముకలు తేలిన ఆ చేతులకేసి చూశారు.

"పండుగే గురువుగారూ. పునీత కొల్మాన్."

"ఏ కొల్మాన్?"

"ఆ... ఆవులు కాసిన కొల్మాన్."

ఫేలాన్ ఆయన చెవిలో గొణిగాడు. "ఆయనది మొన్ననే చేసేశాం స్వామీ! గొర్రెలనండి."

"గొర్రెలు! గొర్రెలు కాసిన కొల్మాన్!" చెవులు ఎర్రబడిపోగా అరిచారు లోమాన్‌గారు.

ఎన్నాగారు తృప్తిగా గిన్నె ఎత్తి తాగారు.

మర్నాడు ఫేలాన్ వెళ్లేసరికి గంట లోమాన్‌గారి చేతిలో ఉంది.

"ఇవాళ ఎవరయ్యా? త్వరగా చెప్పు, పాలు చల్లారిపోతున్నాయి."