మేనమామ బంతిలో కూర్చున్న రోజు

2022 ఎండాకాలం. రొంపిచెర్ల దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో ఓణీల ఫంక్షన్‌కు డీజే పెట్టాను. నాది నరసరావుపేట, అందరూ మస్తాన్ భాయ్ అంటారు. అంతకుముందు కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఒక డాన్స్ క్లబ్‌లో పనిచేశాను. అక్కడ జనం ఆడటానికే వస్తారు. మా పల్నాటిలో భోజనానికి వస్తారు, అందులో సగం మంది మిగతా సగం మీద అలిగి వస్తారు.

డీజే జనాన్ని ఎలా కనిపెడతాడని చాలామంది అడుగుతుంటారు. నేను ముఖాలు పెద్దగా చూడను. కెమెరా ముందు ఎవరైనా నవ్వుతారు. నేను కుర్చీల కిందికి చూస్తాను. లేవడానికి సిగ్గుపడే మనిషికి కూడా పాట నచ్చితే కాలు కదులుతుంది. కాళ్లు ఆగాయంటే ఫ్లోర్, అంటే ఆడే చోటు, కాసేపట్లో ఖాళీ అవుతుందని లెక్క.

ఆ రోజు హాలు నడిమధ్య దారి వదిలి జనం రెండు వైపులా కూర్చున్నారు. ఒకవైపు పిల్ల తండ్రి వీరయ్య మనుషులు, రెండోవైపు మేనమామ కోటి మనుషులు. పంచాయతీ ఎన్నికల్లో బావా బామ్మర్దులు చెరో పక్క నిలబడ్డారు. అప్పటినుంచి మాటల్లేవు. ఓణీ మేనమామే పెట్టాలి కాబట్టి కోటి వచ్చాడు.

ఓణీ పెట్టడం అయ్యాక ఆ పిల్ల, శ్రావణి, పట్టుబట్టలతోనే నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అన్నా, మావయ్య అన్నం తినకుండా పోతానంటున్నాడు. మా నాయన పిలవడు, ఆయన ఆగడు. ఇట్టా పోయాడంటే ఇంక మా గడప తొక్కడు. వడ్డన మొదలయ్యేదాకా ఏదోటి ఏసి ఆపన్నా."

శుభకార్యానికి వచ్చి విస్తరి ముందు కూర్చోకుండా పోవడమంటే మా దగ్గర చుట్టరికం తెంచుకోవడమే. ఆపడానికి నా దగ్గర ఉన్నవి పాటలేగా.

ఒక హీరో పాట వేశాను. వీరయ్య వైపు కుర్రాళ్లు లేచారు, అవతలివాళ్లు ఫోన్లు తీశారు. వెంటనే ఇంకో హీరో పాట వేశాను. అటు లేచారు, ఇటు కూర్చున్నారు. మా వైపు డీజేలందరం ఇలాగే సరిపెడతాం, గొడవ రాదు. కానీ ఆ తూకంతో హాలును రెండు ముక్కలుగా ఉంచుతున్నది నేనేనని అప్పుడు తట్టింది.

పాటకూ పాటకూ మధ్య అతుకుగా ఒక డప్పు ముక్క వేస్తుంటాను. కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్లవాళ్లు ఎత్తుగా కట్టి తీసుకుపోయే వెదురు ప్రభ ముందు కొట్టే దరువు అది. అది మోగినంతసేపూ కోటి చెప్పు నేలను తడుతోంది. భోజనాల గుమ్మం దగ్గర వీరయ్య వేళ్లు తలుపు మీద ఆడుతున్నాయి. ఇద్దరిదీ ఒకే ఊరు, చిన్నప్పటినుంచి ఒకే ప్రభ ముందు ఎగిరినవాళ్లు.

పాటలు పక్కన పెట్టేశాను. ఆ ముక్కను లూప్‌లో పెట్టాను, అంటే తెగకుండా అదే తిరుగుతుంది. ముందు ముసలమ్మలు చప్పట్లు అందుకున్నారు, రెండు వైపులా. కోటి బండి తాళాలు చేతిలో పట్టుకుని లేచాడు. శ్రావణి ఆ చెయ్యే పట్టుకుంది.

"లాగబాకమ్మా, పనుంది నాకు."

"ఒక్క అడుగెయ్ మావయ్యా. నాకోసం."

పిల్ల మాట కాదనలేక వేశాడు. క్లబ్‌లో అయితే అప్పుడు సౌండ్ పెంచేవాణ్ణి. చెయ్యి అలవాటుగా ఫేడర్ మీదకు, అదే సౌండ్ జరిపే మీట మీదకు పోయింది. గుమ్మం వైపు చూస్తే వీరయ్య పెదవులు ఏదో అనబోయి ఆగినట్టున్నాయి. మెల్లగా తగ్గించాను. హాల్లో చప్పట్లే మిగిలాయి.

"ఒరేయ్ బామ్మర్దీ, అడుగు అట్టా కాదురా. ఎడం కాలు ముందు." వీరయ్య గొంతు హాలంతా వినబడింది.

కోటి ఆగాడు. జనం కూడా ఆగారు.

"మరి అక్కడ నిలబడి చెప్తావేంది బావా. వచ్చి ఏసి చూపియ్."

వీరయ్య తువ్వాలు నడుముకు చుట్టి వచ్చాడు. అప్పుడు పెంచాను సౌండ్, స్పీకర్ పెట్టెలు పగిలిపోయేట్టు. నడిమధ్య దారి ఎప్పుడు మూసుకుపోయిందో చూడలేదు, నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

జనాన్ని కనిపెట్టడమంటే ఏ పాట కావాలో తెలుసుకోవడం అనుకునేవాణ్ణి. ఎవరి నోట మాట ఆగిపోయి ఉందో చూసి దానికి చోటివ్వడం కూడా అందులో భాగమేనని ఆ రోజు తెలిసింది. క్లబ్‌లో అందరూ లేస్తే నేను గెలిచినట్టు. ఆ హాల్లో మాత్రం ఒక మనిషి విస్తరి ముందు కూర్చోవాలి.

సామాను సర్దుకుంటుంటే శ్రావణి పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, మావయ్య పెరుగన్నం దాకా వచ్చాడు. నాయనే వడ్డిస్తున్నాడు."