మామ అంగట్లో సూయెజ్ కాలువ

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్దికాలంలో మా ఊరివాళ్ళ నడకే మారిపోయింది. సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచేవి (గాలివాన వస్తే గుమాస్తాలు ఫైళ్ళను కడుపుకు కరుచుకుని కూర్చునేవారు). అయినా రాజధాని రాజధానే! జొన్నరొట్టె తినేటప్పుడు కూడా మాకు కాస్త హోదాగా అనిపించేది. ఆ ఊపులోనే మా మేనమామ తన పుస్తకాల అంగట్లో ఆదివారం సాయంత్రాలు రచయితల చేత ప్రసంగాలు చెప్పించాలని నిశ్చయించుకున్నాడు. సంస్కృతి, చరిత్ర, ప్రపంచ రాజకీయాలు, ఏదైనా సరే, రచయిత మాట్లాడాలి, జనం వినాలి, పోతూ పోతూ ఒక పుస్తకం కొనాలి. మొదటి ప్రసంగం శిల్పకళ మీద. విన్నవాళ్ళు ఇద్దరు. అందులో ఒకాయన వాన తగ్గేదాకా నిలబడినవాడు. "ఈ తూరి కూడా ఎవురూ రాకపోతే పుస్తకాలు తీసేసి చింతపండు అమ్ముకో, అదన్నా చెల్తాది" అని మా అత్త తెగేసి చెప్పింది.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఆడపిల్లల బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. దేవుడు నాకిచ్చిన ఆస్తి నా గొంతు. మా అమ్మ దృష్టిలో అది ఆస్తి కాదు, రోగం. "మెల్లగా మాట్లాడు మే! తుంగభద్ర అవతలికి ఇనపడల్నా ఏమి? ఇట్లా అరుస్తే నిన్ను ఎవురు చేసుకుంటారు?" అని రోజూ సాధించేది. రెండో ప్రసంగానికి మామ నన్ను పిలిచింది కూడా వచ్చిన ఆడవాళ్ళకు చాపలు వేయడానికే.

ఈసారి విషయం సూయెజ్ కాలువ. పత్రికల నిండా అప్పుడు అదే గొడవ. మామ గోడ మీద రాయించిన ప్రకటనలో "సూయెజ్" చిన్నగా, "కాలువ" పెద్దగా పడింది. దాంతో కర్నూలు కడప కాలువ కింద సేద్యం చేసే రైతులు బండ్లు కట్టుకుని దిగారు. వాళ్ళ వెనక గుడారాల గుమాస్తాలు. అంగడి నిండి జనం వీధిలోకి పొంగారు. మామ కళ్ళు చెమర్చాయి.

రచయిత కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. ముందురోజు కడపలో రెండు సభల్లో మాట్లాడి అప్పటికే గొంతు బొంగురుపోయి ఉన్నారు. మా అత్త ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టి, "నిదానమయ్యా, కారం శానా ఉండాది" అంది. "మాదీ కారానికి పేరుపడ్డ జిల్లాయేనమ్మా" అని ఆయన నవ్వుతూ మూడో బజ్జీ కొరికారు. పొలమారింది. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని, సభ ముందుకు వచ్చి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

"ఏమప్పా, మొదలుపెడ్తారా, బండ్లు కట్టుకోమంటారా?" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. మామ ముఖం పాలిపోయింది. చుట్టూ చూసి, నన్ను చెయ్యి పట్టి లాగి ఆయన పక్కన నిలబెట్టాడు. "సారు సెవిలో చెప్తాడు, నువ్వు గెట్టిగా చెప్పు పాపా. ఈ పొద్దు ఎంతన్నా అరుచుకో!"

"అంతర్జాతీయ జలమార్గాలపై సార్వభౌమాధికారమనే జటిల సమస్య..." అని ఆయన గుసగుసలాడారు. ఆ వాక్యాన్ని ఎత్తుకోబోయి సగంలో జారవిడిచాను. ముందు వరుస రైతులు కళ్ళప్పగించి చూస్తున్నారు. ఇక లాభం లేదని బడిపిల్లలకు చెప్పినట్టే చెప్పేశాను. "ఆ కాలువ ఈజిప్టోళ్ళ నేలలో ఉండాది. తవ్వింది వాళ్ళ తాతలు. తవ్వుతా తవ్వుతా సచ్చిందీ వాళ్ళే. పోయే ఓడల కాడ సుంకం మాత్రం పరాయోళ్ళు తీసుకుంటాండ్రి. ఇప్పుడు మా కాలువ మాదే, పోండి అంటాండారు!"

"మల్ల? అనకుండా ఉంటారా?" అని ఒక రైతు లేచి నిలబడ్డాడు. (తన పొలం తూము సంగతే అనుకున్నాడేమోనని నాకిప్పటికీ అనుమానం.) రచయిత నా వైపు వింతగా చూసి, గట్టిగా తల ఊపి, ఇంకో వాక్యం అందించారు. ఆయన బారెడు చెబితే నేను జానెడు చెప్పాను. జనం కదిలితే ఒట్టు. ఒకచోట మాత్రం ఆయన "కొంచెం మంచినీళ్ళు" అని గొణిగితే, ఊపులో ఉన్న నేను "కొంచెం మంచినీళ్ళు కావాలంట!" అని చాటేశాను. "పాపం, ఎడారి గదా" అని సభంతా నిట్టూర్చింది.

చప్పట్లు ఆగేసరికి ఆయన పుస్తకం ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. మా అత్త చింతపండు మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేముందు రచయిత నా చెవి దగ్గరికి వంగి, "అమ్మాయీ, ఈ విషయం మీద నేనింత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు" అన్నారు. ఆ ఒక్క మాటనూ నేను జనానికి వినిపించలేదు. నాకే దాచుకున్నాను.

మర్నాడు రోజూ పోయే సందు దారి వదిలి, పెద్ద బజారు మీదుగా బడికి వెళ్ళాను. కూరగాయలమ్మే ఆమె తక్కెడ ఆపి, "ఏమ్మా, ఆ కాలువ ఏమాయె?" అని అడిగింది. నేను గంభీరంగా నిలబడి, "సూస్తాండాము" అన్నాను. ఏ దేశం తరఫున చూస్తున్నానో ఆమె అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, గుడారాలు లేచిపోయాయి. ఇప్పుడు పత్రికలో ఏ దేశం గొడవ చదివినా ఏమీ అర్థం కాక పక్కన పెట్టేస్తాను. అప్పుడు మాత్రం ఆ ఇరవై ఏళ్ళ పిల్ల, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, లోకాన్ని తనకు అప్పగించినట్టు బజారు నడిమధ్యన నడుచుకుంటూ కనిపిస్తుంది. ఆ ధీమాలో పిసరంత నాకు మిగిల్చి పోయుంటే బాగుండేదనిపిస్తుంది.