ఊపిరికీ, రూపానికీ

నాకు పదకొండేళ్ళప్పుడు మా పొట్టేలు నా ముక్కు విరగ్గొట్టింది. తొండూరు దగ్గరి పల్లెలో మాది గొర్రెలు మేపుకునే కుటుంబం. దొడ్డి తలుపు తీస్తూ వంగాను, అది ఒక్క ఉరుకున వచ్చి కుమ్మింది. నాన్న తువ్వాలు తడిపి అదిమిపెట్టి రక్తం ఆపాడు. అమ్మ పసుపు అద్దింది. వాపు తగ్గాక చూస్తే ముక్కు ఎడమకు తిరిగిపోయి, నడుమ ఎముక గుబ్బలా లేచింది. గొర్రెకు కాలు విరిగితే మావాళ్ళు బద్దలు పెట్టి కట్టు కట్టేవాళ్ళు. ముక్కుకు ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఆసుపత్రి మాటే ఎవరికీ తోచలేదు.

అప్పటినుంచి ఎడమవైపు గాలి ఆడేది కాదు. నోరు తెరుచుకుని నిద్రపోయేదాన్ని. పొద్దున లేచేసరికి గొంతు ఎండి, తల బరువెక్కి ఉండేది. బడిలో పిల్లలు నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను.

పెళ్ళయి జమ్మలమడుగు వచ్చాక ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణంలో పనికి కుదిరాను. రోజూ బస్సులో పోయి రావడం. ముక్కుపుడకలు, కమ్మలు ఉండే బల్ల దగ్గర నిలబడేదాన్ని. పుడక పెట్టుకుంటే ఎట్లుంటుందో చూపించమని అడిగేవాళ్ళు నన్ను దాటి పక్కనున్న అమ్మాయిని పిలిచేవాళ్ళు. కొన్నాళ్ళకు యజమాని నన్ను వెండి పట్టీల వైపు మార్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, మెల్లగానే చెప్పాడు.

"నీ పనిలో తప్పేం లేదమ్మా. ముక్కుపుడకలు అమ్మేచోట ముక్కు చూస్తారు కదా."

సరేనని తలూపాను. సాయంత్రం దాకా పట్టీలు సర్దుతూనే ఉన్నాను గానీ లోపల కోపం ఉడుకుతూనే ఉంది. ఆయన మీద కాదు, తలూపిన నా మీద.

ఆ వారంలోనే నా భర్తను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులోనే ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె చిన్న లైటు వేసి లోపల చూసి, రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ వంగిపోయిందని చెప్పింది. చుక్కల మందులు ఎన్ని వేసినా అది తిన్నగా నిలబడదట, ఆపరేషనే దారి అంది. తర్వాత ఒక మాట అడిగింది. లోపలి గోడ సరిచేస్తే ఊపిరి ఆడుతుంది, బయటి వంకర తీస్తే రూపం మారుతుంది, రెండూ ఒకేసారి చేయించుకోవచ్చు, మీకేది కావాలి అని.

నేను నా భర్త ముఖం చూసి, "ఊపిరి ఆడితే చాలు మేడం" అన్నాను.

బస్సు ప్రొద్దుటూరు దాటకముందే ఆ మాట అబద్ధమని నాకు తెలిసిపోయింది. ఇంటికొచ్చి ఆయనతో అన్నాను, వంకర కూడా తీయించుకుంటానని. బోరు మోటార్లు బాగుచేసే మనిషి ఆయన, ఎక్కువ మాట్లాడడు. కొంచెం నొచ్చుకున్నాడు.

"నేనెప్పుడన్నా నీ ముక్కు గురించి ఒక్క మాటన్నానా?"

"నువ్వనలేదు. నాకే కావల్ల."

అయితే పోయి ఆ మాటే డాక్టరమ్మకు చెప్పు, ఊరికే నా ముఖం ఎందుకు చూస్తావు అన్నాడు.

రెండోసారి ఒక్కదాన్నే పోయాను. రెండూ కావాలన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు, ఈ వయసులో ఎందుకని అడగలేదు. ఏం జరగదో ముందు చెప్పింది. ఇంకొకరి ఫొటో తెచ్చి ఆ ముక్కు పెట్టమంటే కుదరదు. కొంచెం వంకర మిగలొచ్చు. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది కూడా పట్టొచ్చు. కొందరికి మళ్ళీ చేయాల్సి రావచ్చు. అన్నీ విని సరేనన్నాక, కడపలో ఈ ఆపరేషన్లు చేసే డాక్టరుకు చీటీ రాసిచ్చింది.

అమ్మకు ఫోను చేస్తే, ఊపిరి కోసమని మాత్రమే అందరికీ చెప్పమంది. ముప్పై ఆరేళ్ళకు సోకుల కోసం కోయించుకుందంటే నలుగురూ నవ్వుతారంది.

కడపలో మత్తు ఇచ్చారు, ఆపరేషను నాకు తెలియకుండానే అయిపోయింది. తర్వాతి రోజులే కష్టం. ముక్కు మీద గట్టి కట్టు, లోపల గోడ కదలకుండా పెట్టిన రేకులు. కళ్ళ కింద వంకాయ రంగు. నోటితోనే గాలి. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకోవాలి, చీదకూడదు, వంగకూడదు. నొప్పికంటే విసుగే ఎక్కువ. ఏదో మొండితనంతో చేయించుకున్నానేమోనని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా. వారానికి లోపలి రేకులు తీసేశారు. ఎడమవైపు చల్లగా ఏదో నేరుగా లోపలికి పోయింది. అది గాలి అని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

దుకాణానికి తిరిగిపోయాక యజమాని నన్ను పాత బల్లకు రమ్మన్నాడు. పట్టీల దగ్గరే ఉంటానన్నాను. ముక్కు బాగుపడిందని పిలిచే చోటికి పోబుద్ధి కాలేదు.

ఐదు నెలల తర్వాత పులివెందులలో చుట్టాల పెళ్ళికి అమ్మా నేనూ పోయాం. భోజనాల బంతిలో మా మేనత్త నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఊపిరాడకనే కదా పాపా చేయించుకున్యావు?"

నాకంటే ముందు అమ్మ అందుకుంది. అవునని, శానా అవస్థ పడిందని చెప్తాంది. నేను ఆకు మీదినుంచి చెయ్యి తీశాను.

"ఊపిరికీ చేయించుకున్యా, చూడ్డానికి బాగుండల్లనీ చేయించుకున్యా. రెండూ నేనడిగే చేయించుకున్యా అత్తా."

ఎదురుగా కూర్చున్న పెద్దామె ఒకరు, పెళ్ళయిన దానివి, ఇంక ఎవరికి చూపించుకోవాలని అంది. అద్దంలో రోజూ చూసుకునేది నేనే కదా అన్నాను. ఆమె మజ్జిగ అడిగి తలదించుకుంది. మేనత్త మాత్రం నా ఆకులో ఇంకో ఓళిగ వేయించింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా బయటికే చూసింది. తొండూరులో దిగడానికి లేచి, కమ్మీ పట్టుకుని నిలబడి నా ముఖంలోకి తేరిపార చూసింది.

"ఇంత చేసినా ఇంగా కొంచెం వంకరగానే ఉండాది."

"ఉండనీమా. నాకు నచ్చింది" అన్నాను.

ఆమె సంచి అందుకుని దిగిపోయింది. నేను కిటికీ పక్కకు జరిగి కూర్చున్నాను.