తక్కువపడిన పది లైన్లు

ఆయన పగలంతా చరిత్రకారుడు, సాయంత్రం పత్రికలో సబ్‌ఎడిటర్. ఇరవై ఏళ్లుగా రాస్తున్నది ఒక్కటే పుస్తకం, మిల్లు అగ్నిప్రమాదం గురించి. వెనక గేటుకు బయట తాళం వేసి ఉండబట్టే పదకొండు మంది కాలిపోయారు. అందులో ఆయన బాబాయి ఒకడు. ఆ తాళం సంగతి లోకానికి చెప్పాలన్నదే ఆయన పంతం.

ఇక ఆయన చేసిన ఘనకార్యం వినండి. పదేళ్ల కిందట, సరిగ్గా ప్రమాదం జరిగిన తేదీ నాడే, ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు పది లైన్లు తక్కువపడ్డాయి. "ఏదో ఒకటి పడేయండి సార్, ఎవడు చూస్తాడు!" అని పేజీ పెట్టేవాడు నెత్తినెక్కి కూర్చున్నాడు. తాళం సంగతి పుస్తకం కోసం దాచుకుని ఈయన నోటికొచ్చింది రాసేశాడు, వాచ్‌మన్ ప్రాణాలకు తెగించి వెనక గేటు తీశాడని, ఎందరినో కాపాడాడని. మర్నాడు సవరణ వేయొద్దూ? ఉద్యోగం ఊడుతుందని నోరు మూసుకున్నాడు, పిరికి సన్నాసి!

ఆ పది లైన్లను ఇంకో పత్రిక ఎత్తి రాసుకుంది. అక్కణ్నుంచి బడి పుస్తకంలోకి వెళ్లాయి. మిల్లు యజమానులైతే గేటు పక్కన వాచ్‌మన్‌కు శిలాఫలకం పెట్టించి చేతులు దులుపుకున్నారు.

పుస్తకం పూర్తయ్యాక ప్రచురణకర్త అడిగాడు. "తాళం అంటున్నారు, మరి వాచ్‌మన్ మాటేంటండీ?"

"అది నేనే అల్లానండీ."

"అప్పుడు అల్లినవారు ఇప్పుడు అల్లలేదని ఎలా నమ్మను? కళ్లారా చూసినవాళ్ల మాట ఒక్కటి తెండి, అచ్చేస్తాను."

చూసినవాళ్లలో మిగిలింది పిన్ని ఒక్కతే. ఆ రోజు గేటు అవతల నిలబడి తాళాన్ని రాయితో బాదిన మనిషి. ఊళ్లో విన్నవాళ్ల మాటలన్నీ రికార్డు చేసిన ఈ మహానుభావుడు ఆవిడవి మాత్రం చేయలేదు. ఇంటి మనిషేగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

మంచం పక్కన కూర్చుని, "పిన్నీ, ఆ గేటు సంగతి ఒక్కసారి చెప్పు," అన్నాడు.

"చెప్పడానికేముందిరా, వాచ్‌మన్ తీశాడుగా."

"తాళం వేసుందని నువ్వే చెప్పావు కదా! రాయితో కొట్టానన్నావు!"

"ఏమోరా. చాన్నాళ్లు అలాగే అనుకుని కుమిలిపోయాను. నువ్వు పేపర్లో రాశాకే మనసు కుదుటపడింది. నువ్వు అబద్ధం రాస్తావా?"

ఆయన ఆవిడ చేయి పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. బాబాయి గుర్తొచ్చాడనుకుని పిన్ని తల నిమిరింది.

"ఊరుకో నాన్నా. తప్పంతా మీ బాబాయిదే. గేటు తీసినా రాలేకపోయాడు."