క్వారీ చప్పుడు రాని పొద్దు

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే రోడ్డు వదిలి కొంచెం లోపలికి వస్తే మా వాడ. వెనకాల గుట్ట, గుట్ట మీద రాళ్ల క్వారీ. పెళ్లై వచ్చిన కొత్తలో మధ్యాహ్నం సైరన్ కూస్తే నా గుండె జారిపోయేది. మా అత్తమ్మ నవ్వేది. "గిదేంది పిల్లా, బండ పేలుస్తున్నరు, గంతే" అనేది. తర్వాత నాకూ అలవాటైంది. సైరన్ వినగానే గ్యాస్ కట్టేసి, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లమంతా వాకిట్లోకి వచ్చేవాళ్లం. ముందు కాళ్ల కింద నేల ఒక్క కుదుపు కుదిపేది. ఆ వెనకాలే ఢామ్మని చప్పుడు. చప్పుడు వచ్చిందంటే అయిపోయినట్టే. ఈ రెండింటి నడుమ ఊపిరి బిగబట్టి గుట్ట వైపు చూస్తాం చూడండి, అంత బుద్ధిగా మా వాడవాళ్లం ఇంకెక్కడా నిలబడం.

నేను బడిలో సోషల్ చెప్తాను. భూపటలం, ప్రావారం, కేంద్రమండలం బోర్డు మీద గీసి, మనం నిలబడ్డ ఈ పై పెంకు ఒక్క ముక్క కాదనీ, పెద్ద పెద్ద ఫలకాలనీ, అవి ఏడాదికి గోరు పెరిగినంత కదులుతాయనీ చెప్పేదాన్ని. ఒకసారి ఒక పిల్ల లేచి, "టీచర్, మా ఇల్లు రోజూ ఊగుతది. గది భూకంపం గాదా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. మనది దక్కన్, పాత గట్టి బండ, ఫలకాల అంచులు ఎక్కడో దూరంగా ఉన్నాయి, మనకేం భయం లేదన్నాను.

ఆ రోజు పొద్దున మా ఆయన కుత్బుల్లాపూర్‌లో ఫస్ట్ షిఫ్టుకు పోయాడు. అత్తమ్మ వాకిలి ఊడుస్తోంది. నేను నల్లా దగ్గర గిన్నెలు తోముతున్నాను. పాప లోపల చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. ఆ ఉయ్యాల స్లాబు కొక్కేనికి వేలాడుతుంది. క్వారీ పుణ్యమా అని కొక్కెం చుట్టూ సన్నటి పగులు ఉండేది. రేపు సిమెంట్ కొట్టిస్తానని మా ఆయన ఎప్పుడూ అనేవాడు, మా ఇంట్లో ఆ రేపు మాత్రం వచ్చేది కాదు.

బకెట్లో నీళ్లు వణికాయి. తోమి బోర్లించిన గిన్నెలు గలగలమన్నాయి.

"గింత పొద్దుగాల్నే పేలుస్తున్నరేంది? సైరన్ గూడ కొట్టకపాయె" అంది అత్తమ్మ. ఇద్దరం గుట్ట వైపు తిరిగి చప్పుడు కోసం చూశాం. క్వారీది ఒక్క కుదుపు. ఇది ఆగడం లేదు. అయినా నేను కదలలేదు. భూమి గురించి పాఠాలు చెప్పే మనిషిని, సబ్బు చేతులతో, చప్పుడు వస్తే అయిపోతుంది అనుకుంటూ నిలబడ్డాను. వాడంతా అంతే. ఎవరి వాకిట్లో వాళ్లు, మొహాలన్నీ గుట్ట వైపే.

చప్పుడు రాలేదు.

"ఏందే, ఇంక రాకపాయె" అంది అత్తమ్మ. అప్పుడు ఇంట్లోంచి కొక్కెం కిర్రుమనడం వినిపించింది. సైరన్ కూసి ఉంటే పాప నా చంకలో ఉండేది. సైరన్ కూయలేదు, పాప లోపలే ఉండిపోయింది.

ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. గడప తగిలి బొటనవేలు చితికిందని తర్వాత చూసుకున్నాను. ఎవరూ ఊపకుండానే ఉయ్యాల ఊగుతోంది. చీరలోంచి పాపను గుంజుకుని బయటపడ్డాను. దాని చెంపల మీద, కనురెప్పల మీద సిమెంటు పొడి. అది కళ్లు తెరవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి తగిలింది, అయినా వేలు తీయడానికి భయమేసింది. అత్తమ్మ చీపురు పక్కనే కూలబడి, "పోరి లోపల్నే ఉన్నదని యాదికే రాలే నాకు" అని ఏడ్చింది. నాకు మాత్రం వచ్చిందా?

అది భూకంపమేనట, కదిలింది ఎక్కడో గోదావరి వైపట. అంత దూరంది ఇక్కడికెలా వచ్చిందా అని చదివాను. ఫలకాల నడుమ కూడా పాత పగుళ్లుంటాయట, ఒత్తిడి పెరిగితే అవీ కదులుతాయట. గట్టి బండలో ఆ వణుకు తొందరగా చావదట. ఏ బండను చూసుకుని పిల్లలకు ధైర్యం చెప్పానో, ఆ బండే దాన్ని మా ఇంటిదాకా మోసుకొచ్చింది.

మా ఆయన అదే రోజు కొక్కెం ఊడబీకించి సిమెంట్ కొట్టించాడు. నా భయం మాత్రం పోలేదు. పక్కింట్లో మిక్సీ మోగినా ముందు పాప ఎక్కడుందో చూస్తాను.

ఇప్పుడది నడుస్తోంది, మాటలూ వచ్చాయి. క్వారీ కుదిపినప్పుడు ఏడవకుండా అత్తమ్మ దానికో ఆట నేర్పింది, వేలెత్తి చప్పుడు కోసం చూడడం, వచ్చాక చప్పట్లు కొట్టడం. అది చూస్తే ఆ పొద్దున చప్పుడు కోసం వాకిట్లో నిలబడ్డ మేమే గుర్తొచ్చాం. మొన్న సెలవు రోజు నేను వేరే ఆట నేర్పాలనుకున్నాను. దాన్ని మంచం మీద నిలబెట్టి, రెండు చేతులా మంచం పట్టి ఊపాను.

"నేల ఊగుతాంది బిడ్డా. జల్దీ బయటికి ఉరుకు."

పాప దిగలేదు. గుట్ట వైపు కిటికీకి తిరిగి, వేలెత్తింది.

"ఉరుకు బిడ్డా."

"ఆగమ్మా" అంది. "ఇంక డాం అనలే."

నేను మంచం ఊపుతూనే ఉన్నాను. అది అలాగే వేలెత్తి నిలబడింది.